అడక్కుండా తీసిన రెండో ముక్క

పోయిన వారం తహ్మీనా పిండి ముద్దని పంచె మీద పెట్టి, రెండు సేతులూ దాని కిందకి దూర్చిన కాడ ఆగిపోయాం కదా. "అత్తా, ఊపిరి బిగబట్టు. చిరిగితే మళ్ళీ మొదటికొత్తాది" అన్నాదది. నాను బిగబట్టేను. మీరూ బిగబట్టే ఉండుంటారు, ఇంక వదిలీయండి.

ఇవాళే కొత్తగా సదివేవోళ్ళు ఉంటారు, ఆళ్ళకి మా గొడవ కొంచెం సెప్పీయాల. నా పేరు పైడితల్లి, మాది మునగపాక. మా గేదెల పాలు, మా ఆయన త్రినాధరావు వండించిన బెల్లం, ఈ రెండూ అనకాపల్లిలో జియావుద్దీనన్నయ్య బేకరీకి ఎల్తాయి. పాలు నాను పట్టుకెల్తాను, బెల్లం మా ఆయన దింపుతాడు. అన్నయ్య నాకు తోడబుట్టినోడు కాడు, అయినా అన్నయ్యే. ఆయన పెళ్ళాం మెహబూబ్ జాన్ నాకు వదినే. ఆళ్ళ ఒక్కగానొక్క కూతురు తహ్మీనా. అన్నయ్యకి మోకాళ్ళు అరిగిపోయి బట్టీ కాడ నిలబడ్లేకపోతన్నాడు. ఇంక దిగిపోతానన్నాడు. ఆ బట్టీ నాకు కావాలని కూతురంటాది, నాకు కావాలని ఆ బేకరీలోనే పనిసేసే ఆయన అన్నగారి కొడుకు ఫరూఖంటాడు.

ఆ ఇంట్లో దీనికో ఆనవాయితీ ఉన్నాది. ట్రేలు లోపలికి తోసే పొడుగు సెక్క పార ఎవరి సేతిలో ఉంటే బట్టీ ఆళ్ళది. ఆ పార అడిగినోళ్ళు, ఆ బట్టీలో అంతకు ముందెన్నడూ కాలని తిండి ఒకటి కాల్సి పెద్దాయన ముందు పెట్టాల. ఆయన ఒక ముక్క తింటాడు. బాగుందనడు, బాగోలేదనడు. ఎవరూ పెట్టకుండా, ఎవరూ అడక్కుండా, తన సేత్తో తనే రెండో ముక్క తీసుకున్నాడా, పార ఇచ్చేసినట్టే. సెయ్యి కడుక్కున్నాడా, లేనట్టే. అన్నయ్యకి ఆళ్ళ నాన్న దగ్గిర పార అలాగే వచ్చింది. మొన్న ఫరూఖ్ వెన్న కేకు కాల్సేడు. ఈది ఈదంతా వాసనొచ్చింది. అన్నయ్య ఒక ముక్క తిని సెయ్యి కడుక్కున్నాడు. ఇప్పుడు తహ్మీనా వంతు. ఇదీ తప్పితే బట్టీ ఆర్పేసి ఆ గది సెల్‌ఫోన్ల షాపుకి అద్దెకిచ్చేత్తానని తేల్సి సెప్పేసేడు.

అదండీ సంగతి. ఇప్పుడు పంచె కాడికి ఎల్దాం.

ఆ పంచె మా ఆయనదే. ఎర్రంచుది, ఉతికి ఉతికి మెత్తగా అయిపోయింది. అలాటి గుడ్డే కావాలని తహ్మీనా అడిగింది. బిస్కట్లు కోసే పెద్ద బల్ల మీద అది పరిచి, పిండి సల్లి, నడిమధ్యలో సిన్న ముద్ద పెట్టింది. పిడికిళ్ళు కిందకి దూర్సి, ఏళ్ళు ముడిచి, సేతుల ఎనకవైపుతో అటో జానెడు, ఇటో జానెడు మెల్లగా లాగడం మొదలెట్టింది. లాగడం అంటే లాగడం కాదు, పసిపిల్లని నిద్రలేపకుండా మంచం మారుత్తాం సూడండి, అలాగ. బల్ల సుట్టూ తిరుగుతూనే ఉన్నాది. నాలుగు మూలలా సమానంగా సాగాలట. ఆ ముద్ద అరిసేతంతయ్యింది, పళ్ళెమంతయ్యింది, బల్లంతయ్యింది. ఓలమ్మో, నాను బల్ల అటు చివర నిలబడి సూత్తన్నాను కదా, పిండి కింద నుంచి మా ఆయన పంచె ఎర్రంచు కనబడింది! అంచులో నేసిన సిన్న సిన్న పువ్వులు కూడా లెక్కెట్టుకోవచ్చు. దాన్ని గాలికి ఆరనిచ్చి, కత్తితో ట్రే కొలతకి కోసి, తడిగుడ్డ కింద దాచింది. మళ్ళీ ఇంకో ముద్ద.

"ఎక్కడ నేర్సేవే తల్లీ ఇది?" అన్నాను.

"ఫోన్లో చూసేనత్తా. కానీ ఫోన్లో వాళ్ళకి అది ప్యాకెట్లో వత్తాది. మనకి వైజాగు నుంచి తెప్పిత్తే దార్లోనే కరిగి ముద్దయిపోయింది. అందుకని అమ్మీ రంజాన్‌కి సమోసా పట్టీలు చేత్తాది కదా, అక్కణ్ణించి మొదలెట్టి ఇంకా పల్చగా, ఇంకా పల్చగా అని లాగేను. ఎన్ని చిరిగేయో అడక్కు." నవ్వింది. "దీన్ని ఫిలో అంటారు. ఆకు అని అర్థమట. భోజనానికి ముందు తినే స్టార్టర్ చేత్తారు దీంతో. తీపీ ఉంటాది, ఉప్పూ ఉంటాది."

భోజనానికి ముందు తినేదట! మా ఊళ్ళో భోజనానికి ముందు ఆకలి తప్ప ఏటీ ఉండదు. ఆ మాటే అంటే అది పడీ పడీ నవ్వింది. ఆ నవ్వులో పడి అసలు గుండెలో దడ మర్సిపోయాం.

లోపల పెట్టే సరుకు సెప్తాను. ఏజెన్సీ అనాసపండు. సిన్న ముక్కలు తరిగి, మా బెల్లంలో ఉడికించి, మిరియాలు దంచి ఏసింది. అంత మంచి వాసన నా జన్మలో సూళ్ళేదు, అనాసా బెల్లమూ మిరియమూ మూడూ ఒకదానికొకటి సుట్టాలైపోయాయి. బెల్లం కూడా ఏదో ఒకటి కాదు. పొద్దున్న మా ఇంట్లోకని దాసుకున్న దిమ్మ నాను సంచిలో ఏత్తంటే మా ఆయన అడ్డమొచ్చేడు.

"అది ఇంటికుంచుకున్నది. ఆళ్ళ దగ్గిర మనం దింపిన బెల్లం బత్తాలున్నాయి కదేటి? మీ అన్నయ్యకి ఏ బెల్లమైతే ఏటి?" అన్నాడు.

"నోరుముయ్యి. పిల్ల బతుకంతా ఇవాళ ట్రేలో ఉన్నాది" అని పట్టుకొచ్చేసేను.

చీజ్ మాత్రం నా సెయ్యే. గేదె పాలు ఇరగ్గొట్టి, గుడ్డలో మూటగట్టి, పైన రుబ్బురోలు పొత్రం బరువెట్టి గట్టిపరిచేను. రెండు రోజుల ముందే తెచ్చిచ్చేను. ఎండలో మునగపాక నుంచి ఆటోలో రావాల, పాడైపోద్దేమోనని నా జాగర్త నాను తీసుకున్నాను. తెచ్చిన రోజే తహ్మీనా దాన్ని గిన్నెడు నీళ్ళలో పడేసింది. కడుగుతున్నాది కాబోసు, శుభ్రం గల పిల్ల అనుకున్నాను.

ఇంకో సంగతి. ఇవాళ శుక్రవారం. ట్రే బాగా రావాలని తహ్మీనా రోజా పట్టింది. పొద్దుగుంకే దాకా మంచినీళ్ళు కూడా ముట్టదు. అదే ట్రే బాగా రావాలని నాను కనకమాలచ్చికి ఒక్కపొద్దున్నాను. ఇద్దరం దేవుళ్ళకి సెరొక పూట తాకట్టు పెట్టేసేం. అందుకని వండినంతసేపూ ఇద్దర్లో ఒక్కరం కూడా ఏలు నాలిక మీద పెట్టలేదు. ఇది గుర్తెట్టుకోండి.

ట్రేలో నెయ్యి రాసి ఒక రేకు, మళ్ళీ నెయ్యి, మళ్ళీ రేకు. కొన్ని రేకులయ్యేక చీజ్ సిదిమి సల్లింది. దాని మీద అనాస పాకం. పైన మళ్ళీ రేకులు. కాల్సక ముందే కత్తితో ఏటవాలు గీతలు గీసి ముక్కలు కోసేసింది. కాలేక కోత్తే పొడుమైపోద్దట. సరుగుడు కర్రలు మండి మండి నిప్పులు ఒక పక్కకి సర్దుకున్నాయి. అన్నయ్య నమాజుకి ఎల్లబోతంటే ఆ పూటకి పార అడిగి తీసుకుంది, ట్రే లోపలికి తోసింది. లోపలికి సూడ్డానికి అద్దం లేదు, అయిపోయిందని సెప్పే గంట లేదు. బట్టీ మూత కాడ సెంప పెట్టి ఏడి సూసుకుంటా నిలబడింది. ఆ పిల్లని అలా సూత్తంటే నాకు కళ్ళలో నీళ్ళొచ్చేయి. సెప్పుకోడానికి సిగ్గేటి, ఈ పిల్ల పుట్టినప్పుడు పురిటి గది బయట కూచున్నదాన్ని నాను.

మధ్యాన్నం జుమ్మా నమాజు అయ్యి అన్నయ్య వచ్చేడు. ఎనకాలే ఫరూఖ్. వదిన లోపల్నుంచి నీళ్ళ గ్లాసు తెచ్చి బల్ల మీద పెట్టి గుమ్మం పక్కన నిలబడింది. తహ్మీనా ట్రే తీసింది.

ఏం రంగండీ అది! మాగిన వరికుప్ప మీద ఎండ పడితే ఎలాగుంటాది, అలాటి రంగు. రేకులు పైకి లేచి వణుకుతున్నాయి. అంచుల్లోంచి అనాస పాకం బుడగలొచ్చి అంటుకుపోయింది.

"ఇదేటి, కాగితాల కట్టా?" అన్నాడు ఫరూఖ్. ఆడికి బెరుకు. బెరుకొత్తే ఎటకారమాడతాడు, సిన్నప్పట్నుంచీ అంతే. మనిషి సెడ్డోడు కాడు.

అన్నయ్య కుర్సీలో కూచుని బిస్మిల్లా అని ఒక ముక్క తీసుకున్నాడు. కొరికేడు. కరకరమని గదంతా ఇనబడింది. నములుతున్నాడు. మొకంలో ఏటీ లేదు. ఆయన మొకంలో ఎప్పుడూ ఏటీ ఉండదు. ముక్క అయిపోయింది. గడ్డం మీద పడ్డ పొట్టు దులుపుకున్నాడు. తహ్మీనా నా సెయ్యి పట్టుకుంది, ఏళ్ళు ఇరిగిపోతాయనుకున్నాను.

అన్నయ్య సెయ్యి నీళ్ళ గ్లాసు కాడికి ఎల్లింది. నా పై ప్రాణం పైనే పోయింది. గ్లాసు పక్కకి జరిపేడు. జరిపి, ట్రేలోంచి రెండో ముక్క తీసుకున్నాడు.

ఓయమ్మ, నాను అరిసిన అరుపు పక్కనున్న టైలర్ షాపు దాకా ఎల్లుంటాది. తహ్మీనా పార గుండెలకి హత్తుకుని ఏడ్చేసింది. ఫరూఖ్ తల దించుకున్నాడు. వదిన మాత్రం కదల్లేదు. ట్రేకేసి సూత్తా ఉండిపోయింది, సంతోషం కూడా పడలేదు. అప్పుడు నాకు కోపమొచ్చింది ఆవిడ మీద. కూతురు గెలిత్తే అలా రాయిలా నిలబడతారేటి?

"నా ఒక్కపొద్దు దీంతోనే ముగింపు" అని నాను ఒక ముక్క నోట్లో ఏసుకున్నాను.

అయ్యబాబోయ్.

ఉప్పు. ఉప్పంటే ఉప్పు కాదు, పూడిమడక సముద్రంలో మునిగి నోరు తెరిసినట్టున్నాది. నాలిక కొంకర్లు పోయింది. మింగలేను, ఉమ్మలేను. కళ్ళంట నీళ్ళు. అందరూ ఆనందబాష్పాలనుకున్నారు.

అప్పుడు బుర్రలో ఎలిగింది. ఆటోలో పాడవకూడదని చీజ్‌కి నాను తీసుకున్న జాగర్త ఏటో తెలుసా, ఆవకాయ ముక్కకి పట్టించినట్టు కల్లుప్పు దట్టంగా పట్టించేను. తహ్మీనా పడేసిన గిన్నెలో ఉన్నవి మామూలు నీళ్ళు కావు, ఉప్పునీళ్ళు. చీజ్ అలాగే నానబెట్టాలని ఫోన్లో సెప్పేరట. నాను ఏసేనని దానికి తెలీదు, అది ఏసిందని నాకు తెలీదు. ఇద్దరం ఉపాసాలు, రుచి సూసినోళ్ళు లేరు.

సరే, మా తెలివి అలా తగలడింది. మరి అన్నయ్య మాటేటి? ఆ ముక్క మొత్తం తిన్నాడు. మొకం సిట్లించలేదు, నీళ్ళు తాగలేదు. రెండోది కూడా తింటన్నాడు.

"అన్నయ్యా" అన్నాను. "అన్నయ్యా, ఎలా ఉన్నాది?"

"బాగుంది చెల్లెమ్మా" అన్నాడు. జన్మలో బాగుందనని మనిషి!

తహ్మీనా నా మొకం సూసింది. ఆ పిల్లకి కళ్ళు కాదు, సూదులు. రోజా కాబట్టి తను తినలేదు, ఒక ముక్క తీసి ఫరూఖ్ నోటి కాడ పెట్టింది. "తిను భాయ్." ఆడు కొరికి తూ అని బయటికి పరిగెత్తేడు.

బట్టీలో కర్ర ఒకటి సిటపటలాడింది. తహ్మీనా ఎల్లి ఆళ్ళ నాన్న ముందు కింద కూచుంది. నాన్నని అబ్బా అంటాది అది.

"అబ్బా, ఎన్నాళ్ళయ్యింది మీకు రుచి తెలియక?"

అన్నయ్య అబద్ధమాడ్డం సేతకాని మనిషి. కొంచెంసేపు గడ్డం నిమురుకున్నాడు. "ఆ పెద్ద జ్వరం వచ్చిందే రెండేళ్ళ కిందట, అది పోతా పోతా నాలికనీ ముక్కునీ పట్టుకుపోయింది బేటీ. టీ తాగితే వేన్నీళ్ళు. బిర్యానీ తింటే గడ్డి. బేకరీవాడికి రుచి తెలీదంటే ఆ బిస్కట్టు ఎవడు కొంటాడు? అందుకే చెప్పలేదు."

"మరి రెండేళ్ళ నుంచీ పొరల ఖారీ, బిస్కట్లు... ఒక్కనాడు కూడా తేడా రాలేదే!" అన్నాను.

అన్నయ్య గుమ్మం కేసి సూసేడు. గుమ్మం పక్కన వదిన.

అప్పుడు గుర్తొచ్చింది నాకు. పాలు పట్టుకొచ్చినప్పుడల్లా సూత్తన్నాను, మొదటి ట్రే దిగ్గానే వదిన ఒక బిస్కట్టు తీసుకుని టీలో ముంచి తింటాది, తిని గ్లాసు బోర్లిత్తాది. గ్లాసు బోర్లిత్తే గాని ట్రే షాపులోకి ఎల్లదు. కడిగి ఆరబెట్టుకుంటన్నాది, పనిమంతురాలు అనుకునేదాన్ని. ఒక్క మాట పైకి అనకుండా, మొగుడి పరువు ఈదిలో పడకుండా, ఆ బేకరీ రుచంతా తన నాలిక మీద మోసుకొచ్చింది. ఇందాక ఆవిడ్ని రాయన్నాను సూడండి, ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. దండం పెట్టాల అలాటి మనిషికి.

తహ్మీనా లేచింది. పార తీసుకెళ్ళి మళ్ళీ గోడకి ఆనించేసింది.

"నాకీ రెండో ముక్క వద్దబ్బా. కూతురని జాలిపడి తీసుకున్నారు."

"జాలా?" అన్నయ్య గొంతు పెరిగింది. ఆయన గట్టిగా మాట్లాడగా ఇన్నది నాను అదే మొదలు. "జాలిపడితే రెండేళ్ళ కిందటే ఇచ్చేద్దును పార. నాలిక పోయింది గాని చెవి పోలేదు. నలభై ఏళ్ళు ఖారీ కాల్చేను నేను. కొరికితే పొరలన్నీ ఒక్కసారే విరగాలి, ముందొకటీ వెనకొకటీ కాదు. ఆ చప్పుడు కోసం మా అబ్బా ఏడ్చేడు, నేను ఏడ్చేను. ఇద్దరికీ రాలేదు. ఇవాళ నా కూతురి చేతిలో విన్నాను. మళ్ళీ వినాలనిపించింది, మళ్ళీ తీసుకున్నాను. నా చెయ్యి దానంతటదే వెళ్ళింది బేటీ, అల్లా సాక్షి."

తహ్మీనా మొకం రెండు సేతుల్లో దాచుకుంది. నాకైతే అన్నయ్య కాళ్ళు మొక్కాలనిపించింది.

అప్పుడు గుమ్మంలోంచి ఇనబడింది. "మరి నా సంగతేంటి చాచా?"

ఫరూఖ్ మూతి తుడుసుకుంటా నిలబడ్డాడు. ఎటకారం లేదు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. "నా కేకు మెత్తటిది. దానికి చప్పుడెక్కణ్ణించి వత్తాది? రుచి తెలీకుండా తిన్నారు, చప్పుడు లేదని చెయ్యి కడుక్కున్నారు. ఆ రోజు ఇంటికెళ్ళి అన్నం తినలేదు నేను. ఇది న్యాయమా?"

ఆడి మాట నిజం. ఫరూఖ్ మాట నిజమని అనాల్సొత్తాదని నాను కల్లో కూడా అనుకోలేదు.

జవాబు వదిన సెప్పింది. చెంగు దోపుకుంటా లోపలికొచ్చింది. "నీ కేకు నేనూ తిన్నానురా ఫరూఖ్. బాగుంది. ఒక్క ముక్క తిన్నాను, చాలనిపించింది. నీ దగ్గిర దాచడం ఎందుకు?" అని తహ్మీనా వైపు తిరిగింది. "రేకులు మిగిలేయా?"

"మిగిలేయమ్మీ. సగం చీజ్ కూడా ఉంది."

"తే."

ఆ చీజ్‌ని వదిన గోరెచ్చటి నీళ్ళలో ఏసింది, పిండింది, నీళ్ళు పారబోసింది, మళ్ళీ ఏసింది. పిండినప్పుడల్లా పలుకు నాలిక మీద పెట్టి కళ్ళు మూసుకుని, ఊహూ అని తలాడించి, మళ్ళీ నీళ్ళలో ఏసింది. ఉప్పు ఉండాల్సినంతే మిగిలేక "ఊఁ" అన్నాది. తహ్మీనా మళ్ళీ రేకులు పేర్సింది. ఈసారి నిబ్బరంగా పేర్సింది. తల్లి తినబోతున్నాది, తెలిసినోళ్ళ నాలిక మీద పడబోతున్నాది అంటే పనికి ఒక ధైర్యం వత్తాది. పోయినా న్యాయంగా పోతాది.

రెండో ట్రే దిగింది. పొద్దు వాలుతున్నాది. వదిన ముక్క తీసుకుని కొరికింది. ఆ కరకర మళ్ళీ గదంతా ఇనబడింది. నములుతా నములుతా ఆవిడ ఆగిపోయింది. కళ్ళు తెరిసి నన్ను సూసింది.

"పైడీ, ఈ బెల్లం ఎక్కడిది?"

"మాదే వదినా. ఇంకెక్కడిది?"

ఆవిడ నోట్లోది మెల్లగా, దాసుకుని దాసుకుని తింటన్నాది. రెండో ముక్క కోసం సెయ్యి సాపలేదు, ఇంకా మొదటి దాంట్లోనే ఉన్నాది. తహ్మీనా పెదాలు తెల్లబడ్డాయి.

ఈలోగా ఫరూఖ్ కూడా ఒక ముక్క తీసుకున్నాడు. తింటానే మాట్లాడుతున్నాడు, ఆడి నోరు ఊరుకోదు కదా. "చూడు చాచీ, అసలు ఇది బేకరీ సరుకే కాదు. ఒక్క ట్రేకి పూట పడతాది. ఎండాకాలం రేకు ఆరిపోతాది, వానాకాలం మెత్తబడతాది. అనకాపల్లిలో ఇది ఎవడు తింటాడు, చెప్పు? బస్సు దిగినవాడు టీ, సమోసా అడుగుతాడు గాని అనాసపండూ చీజూ అడుగుతాడా? నేను కాదనట్లేదు, పిల్లకి పనితనముంది, కానీ మనం వ్యాపారం..."

అక్కడ ఆగిపోయాడు. అందరం తననే సూత్తన్నామని అప్పుడు తెలిసింది ఆడికి. తన సేతిలోకి సూసుకున్నాడు. సేతిలో రెండో ముక్క ఉన్నాది. సగం కొరికేసున్నాది.

ఎవరూ పెట్టలేదు. ఎవరూ అడగలేదు. ఆడే తీసుకున్నాడు, ఎప్పుడు తీసుకున్నాడో ఆడికే తెలీదు.

మొదట అన్నయ్య నవ్వేడు. తరవాత వదిన. ఫరూఖ్ మిగిలిన సగం ముక్క నోట్లో ఏసుకుని, నిమ్మళంగా నమిలి మింగి, గోడ కాడికెల్లి పార తీసేడు. రెండు సేతుల్తో పట్టుకొచ్చి తహ్మీనాకిచ్చేడు.

"తీసుకో తల్లీ. దీని మీద నాకింక మాట లేదు."

పొద్దుగుంకింది. మసీదు నుంచి మగ్రిబ్ అజా ఇనబడింది. తహ్మీనా ఖర్జూరం కొరికి, నీళ్ళు తాగి, తను కాల్సిన ముక్క అప్పుడు మొదటిసారి తిన్నాది. తిని కళ్ళు మూసుకుంది. ఎంత అందంగా ఉన్నాదో ఆ పిల్ల మొకం, మీకు సూపించలేను కదా!

నాకు ఒళ్ళు తెలీలేదు. గొప్పలు మొదలెట్టేసేను. "ఎవరి బెల్లం అనుకున్నారు? మునగపాక బెల్లం. నెలనెలా మా ఆయన మీకు దింపేది ఇదే. ఇందుకే సెప్తాను, సరుకు మంచిదైతే..."

వదిన నవ్వు ఆగిపోయింది. ఫరూఖ్ నన్నొకసారి, ఆవిడ్నొకసారి సూసేడు.

"అత్తకి తెలీదు చాచీ" అన్నాడు. "నిజంగానే తెలీదు."

"ఏటి తెలీదు?"

"చాచా నాలిక పోయిన సంగతి నాకు ఇవాళ తెలిసింది అత్తా. కానీ ఊళ్ళో ఇంకొకరికి ఎప్పుడో తెలుసనుకుంటాను."

"వద్దురా" అన్నాది వదిన. ఆడు అప్పటికే సరుకు గదిలోకి ఎల్లిపోయాడు. మా ఆయన మొన్న దింపిన బత్తాలోంచి బెల్లం ముక్క ఒకటి తెచ్చి నా అరచేతిలో పెట్టేడు. పైకి పసుపు రంగు నిగనిగలాడుతున్నాది. నాను సెరకు గానుగ కాడ పెరిగినదాన్ని. నాలిక మీద పెట్టుకున్నాను.

మొదట తీపి. దాని ఎనకాల మందు సేదు, సబ్బు సేదు. పాకం తెల్లబడ్డానికి, ఎందుకూ పనికిరాని బెల్లం నిగనిగలాడ్డానికి ఏత్తారు సూడండి, అది. ఇలాటిది అన్నయ్యకి రెండేళ్ళుగా ఎల్తన్నాది. రుచి తెలీని మనిషని తెలిసి ఎల్తన్నాది. మీ అన్నయ్యకి ఏ బెల్లమైతే ఏటని పొద్దున్న మా ఆయన అన్న మాట అప్పుడర్థమయ్యింది నాకు. తెలిసిన నాలిక ఒకటుంది ఆ ఇంట్లో, అది నా మొకం సూసి నోరెత్తలేదు, బిస్కట్లలోకి మంచి బెల్లం బయట కొనుక్కుంది.

వదిన నా సెయ్యి పట్టుకుంది.

"ఉమ్మేయ్ పైడీ" అన్నాది మెల్లగా.

బయట ఆటో ఆగింది. హారన్ రెండుసార్లు మోగింది. నన్ను ఇంటికి తీసుకెళ్ళడానికి మా ఆయన వచ్చేడు.